దయ వద్దు, గడువు చాలు

నర్సుల క్వార్టర్స్,
ఏప్రిల్, ఆదివారం

ఒసే హారన్,

ఎలా ఉన్నావే? మీ నాన్న కళ్లలో చుక్కలు వేస్తున్నావా? చూపు పోయాక చుక్కలెందుకని బాబాయ్ మానేస్తారు, నాకు తెలుసు. నీటికాసుల జబ్బు చూపును తీసుకెళ్లినా నొప్పిని మాత్రం వదిలిపెట్టే పోతుంది. సూది చెప్పింది, మానొద్దంది అని చెప్పు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. ఉద్యోగాల కొత్తలో హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పుడే కదా నీకా పేరు పెట్టాను. నువ్వు బస్సు స్టీరింగు పట్టుకోవడానికి ఎన్నో ఏళ్ల ముందే నీ గొంతు హారన్. నాకు సూది అని నువ్వు పెట్టావు. నర్సుని కాబట్టి అని అందరూ అనుకున్నారు గానీ నా మాట గుచ్చుకుంటుందని పెట్టావని నాకు తెలుసు.

ఇప్పుడూ కాస్త గుచ్చుకునే మాటే రాయాలి. ఇంటి సంగతి. నువ్వూ బాబాయ్ నా ఇంట్లో అద్దెకు దిగి చాలా ఏళ్లయింది. మనం రాసుకున్న ఒప్పందం గడువు మొన్న శీతాకాలంలోనే తీరిపోయింది. నువ్వు గుర్తు చెయ్యలేదు, నేనూ కొత్తది రాయించలేదు. ఇప్పుడు మా చిన్నోడికి ఆ ఇల్లు కావాలట. వాడి భార్యకు ఆ ఇరుకు గది పడడం లేదు. ఈ నెలాఖరుకు ఖాళీ చేసి ఇవ్వగలవా?

ఒప్పందం ఎలాగూ అయిపోయింది కాబట్టి పెద్ద పేచీ ఉండదనుకుంటున్నాను. బాబాయ్‌కి నా నమస్కారాలు.

నీ
సూది

* * *

మూడో అంతస్తు, నీ ఇల్లు,
ఏప్రిల్, మూడో వారం

సూదీ,

నీ ఉత్తరం డ్యూటీ దిగి మెట్ల మీదే చదివాను. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ ఇల్లు ఖాళీ చేసి చూడు అని పెద్దవాళ్లెవరూ ఎందుకు అనలేదో ఇప్పుడర్థమైంది. వాళ్లెవరూ అద్దెకు ఉండి ఉండరు.

ఇల్లు నీది. రాత్రి డ్యూటీలు చేసి చేసి కొనుక్కున్నావు. నీ కొడుక్కి కావాలంటే వద్దనే హక్కు నాకు లేదు, అననూ అనను. కానీ నెలాఖరంటే కుదరదే.

మా డిపో యూనియన్ ఆఫీసుకు వారం వారం ఒక లాయరమ్మ వస్తుంది. వెళ్లి అడిగాను. ఒప్పందం గడువు తీరినా, నేను అద్దె ఇస్తూ నువ్వు తీసుకుంటూ ఉన్నంతకాలం ఆ అద్దె నెల నెలా నడుస్తున్నట్టేనట. ఖాళీ చేయమనాలంటే పాత ఒప్పందంలో రాసుకున్నట్టే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలూ నేను సక్రమంగా అద్దె కట్టాలి, ఇల్లు ఎలా తీసుకున్నానో అలా అప్పగించాలి. నీకెంత హక్కుందో నాకంత బాధ్యత ఉంది. అంతే.

గడువు ఎందుకడుగుతున్నానో నీకు చెప్పాలి. నువ్వో నేనో ఇల్లు మారాలంటే సామాను కట్టుకుంటే సరిపోతుంది. మా నాన్నకు అలా కాదు. ఈ ఇల్లు ఆయన వేళ్లలో ఉంది. ఏ గడపకు ఎంత ఎత్తు, ఏ కిటికీ రెక్క ఎటు తెరుచుకుంటుంది, స్టవ్వు నుంచి నీళ్ల బిందె ఎంత దూరం, అన్నీ ఆయన అరిచేతికి తెలుసు. చూపు పూర్తిగా పోకముందు నడవా గోడకు తనే ఒక చెక్క కమ్మీ చేసి బిగించుకున్నాడు. వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది? దాన్ని పట్టుకుని, నేను బస్సు మీద ఉన్నంతసేపూ ఇల్లంతా ఒక్కడే తిరుగుతాడు. టీ పెట్టుకుంటాడు. కింద సెలూన్‌కి దిగి కబుర్లాడి, పైకొచ్చి తాళం తీసుకుంటాడు. ఇంకో ఇంట్లో ఇదంతా మొదటి నుంచి నేర్చుకోవాలి.

నాకు నీ దయ వద్దే. గడువు చాలు. నోటీసు పంపు.

హారన్

* * *

నర్సుల క్వార్టర్స్,
మే, మొదటి వారం

నీ ఉత్తరం అందింది.

నాకు లాయర్ల భాష వస్తుందని నీకెవరు చెప్పారు? ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద చలికి వణికిన వాళ్లం. అడిగితే నువ్వు సరే అంటావనుకున్నాను గానీ నోటీసు పంపమంటావనుకోలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టుంది.

చిన్నోడిని ఒకసారి వచ్చి నీతో మాట్లాడమన్నాను. ఏదైనా ఉంటే వాడితో తేల్చుకో.

బాబాయ్‌ని అడిగినట్టు చెప్పు.

* * *

మూడో అంతస్తు,
మే, నెలాఖరు

సూదీ,

చిన్నోడు వచ్చాడు. మనిషి కాస్త చిక్కాడు. ఏసీలు బాగుచేసే పని కదా, ఎండాకాలం తీరికుండదేమో. చెప్పకుండా వచ్చాడు, నేను లేనప్పుడు. నాన్నే తలుపు తీశాడు. గదులన్నీ కొలుచుకుని వెళ్లాడట. వాడి భార్యకు మంచం ఎటు వేయాలో చూసుకున్నాడేమోలే.

వాసాల సంగతికి వస్తే, నీ ఇంటి వాసాలు నేను లెక్కపెట్టలేదే. పడిపోకుండా చూసుకున్నాను. నా మీద కోపంగా ఉన్నా ఆ ఒక్క మాట వెనక్కి తీసుకో.

ఇళ్లు వెతుకుతున్నాను. ఇద్దరు యజమానులు నాన్నని చూసి "గ్యాసు వెలిగిస్తాడా? అమ్మో!" అన్నారు. ఒకావిడ నన్ను చూసి "ఆడమనిషి బస్సు నడుపుతుందా?" అంది. రోజూ నా బస్సులోనే బజారుకు పోతుందట, ఎప్పుడూ తలెత్తి చూడలేదట. నవ్వాలో ఏడవాలో తెలియక టికెట్ మాత్రం మర్చిపోకండమ్మా అని చెప్పి వచ్చేశాను.

ఇక్కడ కుళాయి కాస్త మొరాయిస్తోంది. కింద నుంచి బిందెలు మోస్తున్నాను. పవర్ స్టీరింగొచ్చాక చేతులకు పని తగ్గింది కదా, మంచి కసరత్తు. నువ్వేం కంగారు పడకు.

నోటీసు ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నాను.

హారన్

* * *

నర్సుల క్వార్టర్స్,
జూన్, రెండో వారం

హారన్‌కి,

నోటీసు రాలేదని రాశావు. నాకు మాత్రం వచ్చింది. అద్దె వివాదాల ఆఫీసు నుంచి, ముద్ర వేసి మరీ వచ్చింది. ఫిర్యాదుదారు నువ్వు. ఎదుటి పక్షం నేను. డ్యూటీలో ఉండగా వార్డులో అందరి ముందూ సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలు నా మొహంలోకి చూశారు. నా సర్వీసులో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. మొట్టమొదటిది నీ చేతి మీదుగా రావాలా?

గోటితో పోయేదానికి గొడ్డలెందుకే? ఏం చేశానని? ఇల్లడిగాను. నా ఇల్లు నేనడిగాను.

వాయిదాకు రమ్మన్నారు. వస్తాను. ఎవరి ముందూ తల దించుకునే మనిషిని కాను. అంతకు ముందు ఒక్క మాటకు జవాబు చెప్పు. నువ్వు నాకు రాయకుండా దాచిందేంటి? ఆ కుళాయి ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఇబ్బందిలో ఉన్నప్పుడే జోకులేస్తావు. అది నాకు తెలుసు.

సూది

* * *

మూడో అంతస్తు,
జూన్, మూడో వారం

సూదీ,

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాను. నీ కొడుకు మీద నీకే చాడీలు రాయడానికి నా చెయ్యి రాలేదు. వాడు నీ కడుపులో ఉన్నప్పుడు నీకు వాంతులైతే బక్కెట్టు పట్టింది నేనే కదా. అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాస్తాను, ఎక్కువా తక్కువా లేకుండా.

కుళాయి మొరాయించలేదు. చిన్నోడు మేడ మీదికి వెళ్లి మన ఇంటికొచ్చే పైపు వాల్వు కట్టేసి, దాని పిడి ఊడదీసి పట్టుకెళ్లాడు. "నెలాఖరు దాటింది పిన్నీ, ఇంకా ఉంటే ఇలాగే ఉంటుంది" అన్నాడు. నేను బిందెలు మోసుకున్నాను. మన పిల్లాడే, దిగొస్తాడులే అనుకున్నాను.

ఆ తర్వాత తాళం.

నేను మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నాను. నాన్న ఎప్పట్లాగే తలుపేసుకుని సెలూన్‌కి దిగాడు. ఆ సమయం చూసుకుని మీ వాడు వచ్చి తాళం మార్పించేశాడు. నాన్న పైకొచ్చి తాళంచెవి పెట్టాడు. పట్టలేదు. తిప్పి పెట్టాడు. పట్టలేదు. అప్పుడు మా నాన్న ఏమనుకున్నాడో తెలుసా? ఎవరో తాళం మార్చారని అనుకోలేదు. తనే అంతస్తు తప్పాననుకున్నాడు. రెండో అంతస్తుకు దిగి, అక్కడి తాళంలో తన తాళంచెవి పెట్టాడు. ఆ ఇంటావిడ దొంగనుకుని కేకలేసింది. క్షమాపణ చెప్పుకుని నాలుగో అంతస్తుకు ఎక్కాడు. మళ్లీ దిగాడు. నేనొచ్చేసరికి మన గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, తాళంచెవి పిడికిట్లో బిగించుకుని.

"అమ్మాయ్, నువ్వేనా? ఇది మన తలుపేనా చూడు" అన్నాడు.

"మనదే నాన్నా."

"గడప మనదే. తలుపు మనదే, దీని చెక్కలో ముడి నాకు తెలుసు. తాళమే నన్ను గుర్తుపట్టడం లేదు. కళ్లు పోయాయి సరే, బుర్ర కూడా పోతోందేమోనే. నాతో నిజం చెప్పు."

సూదీ, మా నాన్న చూపు పోయిన రోజున కూడా ఏడవలేదు. ఆ రోజు ఆ మెట్టు మీద కళ్లు తుడుచుకున్నాడు.

చిన్నోడికి ఫోన్ చేశాను. "సామాను తీసుకెళ్తానంటే వచ్చి తలుపు తీస్తా" అన్నాడు. నేను హారన్నే, కానీ అరవలేదు. సరే అని పెట్టేసి, లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆ రాత్రి నాన్న సెలూన్‌లో కుర్చీ వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. మర్నాడు అద్దె ఆఫీసులో అధికారిణి మీ వాణ్ణి పిలిపించి ఒకటే చెప్పింది. "బాబూ, ఖాళీ చేయించడానికి నోటీసు ఉంది. వినకపోతే కోర్టు ఉంది. తాళం మాత్రం దారి కాదు. ఇల్లు మీ అమ్మగారిదే అయినా, ఆ తలుపు వెనక కాపురం వీళ్లది." సాయంత్రానికి పాత తాళం, వాల్వు పిడి రెండూ వచ్చాయి. యజమాని పేరు నీది కాబట్టి జవాబు నువ్వే చెప్పాలట. అందుకే నీకా కాగితం. వార్డులో ఇస్తారని నాకు తెలియదు. తెలిసినా ఇప్పించేదాన్ని. మా నాన్నకి బుర్ర పోలేదని ఆయనకు రుజువు కావాలి.

ఇదీ నేను దాచింది. ఇప్పుడు నువ్వు నన్ను ఏమనుకున్నా సరే.

హారన్

* * *

నర్సుల క్వార్టర్స్,
జూన్, నెలాఖరు

నా హారన్,

నీ ఉత్తరం చదివి చిన్నోణ్ణి పిలిపించాను. కూర్చోమనలేదు. నిలబెట్టే చదివి వినిపించాను. మెట్టు మీద ముసలాయన దగ్గరికి వచ్చేసరికి వాడు "చాలమ్మా" అన్నాడు. చాలదని చివరిదాకా చదివాను.

"నీ కోసమే చేశానమ్మా" అన్నాడు.

"నా కోసం ఒక చూపులేని మనిషిని మెట్లెక్కించి దించమని నేను చెప్పలేదు."

"నువ్వు పిన్నితో గట్టిగా మాట్లాడలేవు. నీకేమో ఇక్కడ గడువు దగ్గరపడుతోంది. నువ్వు ఎక్కడుంటావు?"

వాడి నోట ఆ మాట వచ్చింది కాబట్టి నీకు రాయక తప్పదు. ఇల్లు కావాల్సింది వాడికి కాదే. నాకు. ఈ అక్టోబరుతో నా ఉద్యోగం అయిపోతుంది. క్వార్టర్స్ అప్పగించాలి. నాకంటూ ఉన్నది ఆ మూడో అంతస్తు ఒక్కటే. వార్డు వార్డంతా కంటిచూపుతో నడిపినదాన్ని, తలదాచుకోవడానికి చోటు ఇమ్మని నిన్ను అడగడానికి ముఖం చెల్లలేదు. కొడుకు పేరు అడ్డం పెట్టుకున్నాను. వాడు దాన్ని నిజంగానే భుజానికెత్తుకున్నాడు.

మా ఆస్పత్రివాళ్లు నాకు క్వార్టర్స్ ఖాళీ చెయ్యమని ఆర్నెల్ల ముందే రాసిచ్చారు తెలుసా? నేనేమో చిన్నోడి తొందరని చెప్పి నీకు నెలాఖరన్నాను.

వాసాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఎక్కడికీ వెళ్లొద్దు. నేను హాస్టల్లో ఒక మంచం చూసుకుంటాను. అలవాటే కదా.

నీ
సూది

* * *

మూడో అంతస్తు,
జులై, వాయిదా అయిన మర్నాడు

సూదీ,

నిన్న ఆఫీసులో అధికారిణి "ఎవరు చేశారిది?" అని అడిగితే చిన్నోడు నోరు తెరిచేలోపే నువ్వు లేచావు. "నా ఇల్లు, నా పేరు, నా జవాబుదారీ. నా తరఫున తప్పు జరిగింది" అన్నావు. తెల్ల చీర మడత నలగకుండా. నా పక్కన కూర్చున్న లాయరమ్మ నా చెవిలో "ఎదుటి పక్షం ఇలా ఉంటే మాకు పనేముంటుంది?" అంది. ఎదుటి పక్షం నా స్నేహితురాలండీ అని చెప్పాను. ఎంత గొప్పగా చెప్పుకున్నానో నీకు తెలియదు.

బయటికొచ్చాక చిన్నోడు వచ్చి మా నాన్న చెయ్యి పట్టుకున్నాడు. నాన్నే, "బుర్ర పోయిందనుకుని భయపడ్డాను రా. పోలేదని తెలిసింది. పో" అన్నాడు. ఇక ఆ సంగతి అయిపోయింది.

నువ్వు హాస్టల్‌కి వెళ్తానన్న మాటకు జవాబు. కుదరదు. నువ్వు నాకు ఇల్లు దానమిచ్చి హాస్టల్ మంచం ఎక్కితే, నేను బతికినంతకాలం నీకు తలొంచుకుని బతకాలి. అది నాకు చాతకాదు. సొంతానికి కావాలని యజమాని అడిగితే అది సరైన కారణమే అని అధికారిణి కూడా అంది. అంత కష్టపడి కొనుక్కున్న ఇంట్లో నువ్వు ఒక్క పూట పడుకోలేదు. నిన్న నేను పట్టుబట్టాక వాళ్ల ముందే నువ్వు నోటీసు చేతికిచ్చావు, నేను పుచ్చుకున్నాను. అక్టోబరుకు ఇల్లు నీది. అప్పటిదాకా నాది. లెక్క తేలిపోయింది.

ఇల్లు కూడా దొరికింది. డిపో వెనక వీధి, కింది అంతస్తు, రెండు గదులు. సెప్టెంబరు నుంచి తాళం మాకిస్తారు, నెల్లాళ్లపాటు రెండిళ్లూ మా చేతిలో ఉంటాయి. పూట పూటా నాన్నని తీసుకెళ్లి వదిలిపెడతాను. గోడలు తట్టుకుంటూ నేర్చుకుంటాడు. గడువంటే నాకు అదే.

హారన్

* * *

మూడో అంతస్తు, నా ఇల్లు,
అక్టోబరు

హారన్,

నువ్వు ఇక్కడికి నాలుగు స్టాపుల దూరంలోనే ఉన్నావు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఎదురుపడితే నువ్వు మాట్లాడనివ్వవు.

తాళం అప్పగించిన రోజు నన్ను గది గదికీ తిప్పి చూపించావు. "ఇక్కడ చూడు, ఇక్కడ చూడు" అని స్విచ్చులు వేసి, కుళాయిలు తిప్పి. వద్దే అంటే, "అప్పగింత అప్పగింతే" అన్నావు. వాడకానికి అరిగిన గడప తప్ప ఇంట్లో ఏమీ మారలేదు. నడవాలో కమ్మీ లేదు. బాబాయ్ తనే ఊడదీసి, రంధ్రాలు పూడ్చి, రుద్దారట. "ఎక్కడుండేవో చెప్పు చూద్దాం" అన్నారు. గోడంతా తడిమాను, దొరకలేదు. ఉంచితే నాకూ పనికొచ్చేది కదా బాబాయ్ అంటే, "నీ మోకాళ్లు మొరాయించిన రోజు కబురు పెట్టు. నీ ఎత్తుకు కొత్తది చేసిస్తా. ఇది నా ఎత్తుకు చేసింది" అన్నారు.

తర్వాత ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగారు. చిన్నోడు ముందు దిగుతూ సామాను మోశాడు. ఒక్క బిందె కూడా నిన్ను మొయ్యనివ్వలేదు చూశావా? రెండో అంతస్తు ఆవిడ తలుపు తీసి "ఎవరండీ వాళ్లు? ఖాళీ చేయించేశారా?" అని నన్నడిగింది. "కాదండీ. గడువు ప్రకారం అప్పగించి వెళ్తున్నారు" అన్నాను. నా వార్డులో ఎవరైనా పూర్తిగా కోలుకుని నడిచి వెళ్లిపోతుంటే గుమ్మం దాకా వెళ్లి నిలబడేదాన్ని. అలాగే నిలబడ్డాను, బండి మలుపు తిరిగేదాకా.

పైకొచ్చి తలుపు వేసుకున్నాను. ఖాళీ గది మధ్యలో నేల మీద కూర్చున్నాను. నా ఇంట్లో. ఎంత బాగుందో చెప్పలేనే.

సూది

* * *

డిపో వెనక వీధి, కింది అంతస్తు,
నవంబరు

సూదీ,

నిన్న జరిగింది నీకు రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

నేను డ్యూటీ దిగి మలుపు తిరిగేసరికి మా కొత్త ఇంటాయన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. వెంట కుళాయి పనివాడు. లోపల నుంచి అడుగుల చప్పుడు. కర్ర టకటక లేదు, గోడ తడిమిన చప్పుడు లేదు. తిన్నగా వచ్చి నాన్న తలుపు తీశాడు.

"పైపు చూడాలి పెద్దాయనా, పక్కకు జరగండి" అన్నాడు ఇంటాయన, ఒక కాలు గడప మీద పెట్టి.

నాన్న జరగలేదు. చెయ్యి చాచి ద్వారబంధం పట్టుకున్నాడు.

"ఎవరండీ?"

"నేనే. ఇంటి యజమానిని."

"సంతోషమండీ. పైపు చూడాల్సిందే. కానీ ముందు రోజు చెప్పి రావాలి. ఇల్లు మీదే, కాపురం మాది. రేపు పొద్దున రండి, టీ పెట్టిస్తాను."

ఇంటాయన నా వైపు చూశాడు, నేనేదైనా సర్దిచెబుతానేమోనని. నేను యూనిఫామ్‌లో, సంచి భుజాన వేసుకుని, వీధిలో నిలబడే ఉన్నాను. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అయితే రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.

నాన్న కాస్త ఆలోచించి, చేతి గడియారం అద్దం తెరిచి ముల్లు తడిమి చూసుకుని, "మా అమ్మాయి డ్యూటీ చూసుకుని చెబుతాం" అన్నాడు.

హారన్